దిబ్బరొట్టెలో పండుగప్ప

కాలువలు కట్టేశారు. అడుగున నెర్రెలిచ్చిన మట్టి,
ఎవరిదో ఒంటిచెప్పు, ఎండిన నాచు వాసన.
నరసాపురం చేపలబజారులో పదింటికే
ఐసు నీళ్ళై కాళ్ళ కిందికి వచ్చేస్తోంది.

గంపలో ఒక్కటే పండుగప్ప.
తెల్లారగట్ల ఉప్పుటేట్లో వలకి తగిలింది,
కన్నింకా గాజుగోళీలా ఉంది.
బ్యాంకు మేనేజరు గారి భార్య మొప్ప ఎత్తి చూసి
బేరం మొదలెట్టింది.
"అమ్ముడైపోయిందమ్మా" అన్నాను.
ఎవరికి, అని అడగలేదావిడ. అడిగుంటే
ఏం చెప్పేదాన్నో నాకూ తెలీదు.

ముప్పయ్యేళ్ళ నుంచీ మా ఇంటికి
తోకలూ, తలకాయలూ,
సాయంత్రానికి మెత్తబడ్డవీను.

మనవడు లోవరాజు పోయిన ఆదివారం
భీమవరంలో బర్గరు తిని వచ్చాడు.
రాత్రంతా కడుపు పట్టుకుని పొర్లాడు,
పొద్దున్నే మళ్ళీ అదే కావాలన్నాడు.
మా ఆయనకేమో సుగరు.
మైదా ముట్టొద్దు, వేపుళ్ళు మానెయ్,
అని చీటీ మీద రాసిచ్చిన డాక్టరు
ఈ ఎండల్లో ఏం తినాలో మాత్రం రాయలేదు.

సరే. ఇద్దరికీ ఒకటే వంట.

ఇడ్లీపాత్రలో అరటాకు పరిచి
ముక్కలకి ఉప్పూ పసుపూ వెల్లుల్లీ రాసి
ఆవిరి పట్టాను.
ముల్లు ఏరడం కళ్ళ పని కాదు, వేళ్ళ పని.
నిమురుకుంటూ పోతే అదే పలుకుతుంది.
నానిన పెసరపప్పు కచ్చాపచ్చాగా రుబ్బి,
మిరియం, కొత్తిమీర, పచ్చిమిర్చి కలిపి
అరచేతిలో బిళ్ళలు తట్టి పెనం మీద వేశాను.
చెంచాడు నూనె. చెంచాడే.
చెయ్యి అలవాటుగా సీసా వంచబోతే
నేనే దాన్ని కసిరాను.

బన్నుకి బదులు దిబ్బరొట్టె.
మినప్పిండిలో బియ్యపురవ్వ సగం, జొన్నరవ్వ సగం;
మందపాటి మూకుడు, కింద కొబ్బరిడొక్కల సెగ.
అడుగు ఎర్రగా కాలి, లోపల దూదిలా పొంగింది.
అడ్డంగా కోస్తే ఆవిరి మొహాన కొట్టింది.
ఆ డబ్బాల్లో తెల్లసాసు మనకెందుకు?
గుడ్డలో వేలాడగట్టిన పెరుగులో ఆవపొడి,
కొబ్బరిమామిడి తురుము,
కుండ పక్కన చల్లబడ్డ కీరదోస చక్రాలు.

లోవరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఇది బర్గరు కాదమ్మమ్మా, దిబ్బరొట్టె."
"ముందు నోరు తెరు."
తెరిచాడు. పెరుగు గెడ్డం దాకా కారింది.
ఇంకేం అనలేదు.
వాళ్ళ తాత కూడా మాట్లాడకుండా
రెండోదానికి చెయ్యి చాపాడు. సగమే ఇచ్చాను.

మిగిలిన సగం పట్టుకుని
గుమ్మంలో కూర్చున్నాను.
వాకిట్లో ఎండ చూరు నీడ దాకా వచ్చి ఆగింది.
తియ్యటి చేపమ్మా, తేనెలాంటి చేపమ్మా, అని
ముప్పయ్యేళ్ళుగా అరిచి అరిచి అమ్మాను.

అబద్ధం కాదన్నమాట.