నూట పన్నెండు

లోమ్ సక్ బైపాసు మలుపులో నా టైర్ల కొట్టు.
ఎదురుగా కొండ, కొండ నెత్తిన మబ్బు,
మబ్బులో హ్మాంగ్‌వాళ్ల క్యాబేజీ తోటలు.
పొద్దు వాలితే అక్కణ్ణించి పికప్పులు దిగుతాయి,
ముందు బ్రేకు వాసన, వెనక బండి.

న్యా తూ మాత్రం ఖాళీ బండితో వచ్చాడు,
వెనకాల నాలుగు పాత టైర్లు పడేసుకుని.
ఫిత్సనులోక్‌లో బావమరిది కారువట.
"గాడి ఇంకా లోతుగానే ఉంది ప్రనోమ్ అక్కా,
బిగించి పెట్టు, కూలి ఇస్తాను."

నేను ముందు గాడి చూడను.
గొంతుక్కూచుని తడిగుడ్డతో టైరు పక్క తుడుస్తాను.
కొలతల వరస చివర, ఎవరూ చదవని చోట
చిన్న అంకె: తొంభై ఏడు.
అంటే ఏడువందల ముప్ఫై కేజీలు.
ఆ చక్రం ఒప్పుకున్న మాట అంతే.
అంతకు మించి ఒక్క కేజీ కూడా
అది నీకు బాకీ లేదు.

"ఎంతేస్తావు?"
"క్యాబేజీలేగా అక్కా."
"క్యాబేజీలే, ఎంత?"
"టన్నుంపావు."

బండి కిందికి టార్చి వేశాను.
కంపెనీ ఇచ్చిన పట్టీల మీద
ఇంకో మూడు పట్టీలు, కొత్త బోల్టులు.
"టన్నుంపావుకి ఇన్నెందుకు?"
అతను కొండకేసి చూశాడు.
కిటికీలోంచి వాళ్లావిడ మై యీ అంది:
"టన్నున్నర. వానొస్తే ఇంకా."

నిజమే. పొరపొరకీ వానని మడిచి దాచుకుంటుంది క్యాబేజీ.
తూకంలో లాభం, దారిలో కాదు.

చాక్‌పీసు తీసి షట్టరు మీద రాశాను.
ఖాళీ బండికే వెనక ఇరుసు మీద ఏడువందలు.
సరుకులో ఏ నూటయాభయ్యో ముందుకి పోతుంది,
మిగతాదంతా వెనకే. మొత్తం రెండువేల యాభై.
మీ బావమరిది టైర్లు రెండూ కలిసి
పద్నాలుగువందల అరవై.
నూట తొమ్మిది వేస్తే రెండువేల అరవై.
పది కేజీలు మిగులు, అంటే నాలుగు క్యాబేజీలు.
వానకి చోటేదీ అందులో?
నూట పన్నెండు వేయించుకో.

ధర చెప్పాను.
టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

దాచేదేం లేదు, అవి మొండి టైర్లు.
ఖాళీగా కొండెక్కుతుంటే నడుములు విరుగుతాయి.
అప్పుడు నన్ను తిట్టుకో.
తిట్టుకోడానికి నువ్వుంటావు.

అదిగో ఆ మేకుకి వేలాడే ముక్క చూడు.
పోయిన వానల్లో దిగుడు దారిలో దొరికింది.
దాని గాడి కూడా లోతుగానే ఉంది.
బండి ఎవరిదని అడక్కు.

ఇంకో మాట.
రబ్బరు మోస్తుందనుకుంటారు అందరూ.
రబ్బరు సంచీ. మోసేది గాలి.
చెప్పినంత గాలి నింపకపోతే
నూట పన్నెండు కూడా ఇంటి నంబరు లాంటిదే,
ఏమీ మోయదు.

చివరికి వెనక రెండే వేయించుకున్నాడు.
సగం డబ్బు, సగం నా నోటుబుక్కులో.
బావమరిది టైర్లు నాలుగూ ఇక్కడే వదిలేశాడు,
వాటిలో మా కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

ఆ రాత్రి పదకొండు దాటాక
మలుపు దగ్గర ఒక పికప్పు దిగింది, నిండుగా,
తాడు కింద టార్పాలిన్ టపటపలాడుతూ.
పడుకునే విన్నాను.
అతనిదో కాదో తెలీదు, దారంతా అలాంటి బళ్లే.

వారానికి బాకీలో కొంత తెచ్చి ఇచ్చి
బల్ల మీద రెండు క్యాబేజీలు పెట్టి వెళ్లాడు.
అలవాటు కొద్దీ కాటా మీద పెట్టాను.
ఐదు కేజీల రెండొందలు.
ఎత్తితే కాటా పళ్లెంలో
కాసిని వాన నీళ్లు.