ఆదివారం చిట్టా

ముందు జమ రాస్తా.
కాజీపేట జంక్షన్ ముంగట మా మెస్సు.
తలకాయకూర ప్లేట్లు నూటా పన్నెండు,
బగారన్నం డేగిసలు మూడు,
పచ్చిపులుసుకు లెక్క లేదు,
అడిగినోళ్లకు అడిగినంత పోసినం.

మూఢం నడుస్తున్నది, పెండ్లిళ్లు లేవు.
అందుకే యాఖూబ్ మామ క్లారినెట్టు
మా గల్లాపెట్టె పక్కకు వచ్చి నిలబడ్డది.
భుజాల మీద జరీ కుచ్చుల ఎర్రకోటు,
కింద మాత్రం లుంగీయే.
డోలు కొట్టే ఓదెలు
రైల్వే క్వార్టర్ల నుంచి ఫ్రాంక్లిన్ను తోలుకొచ్చిండు, గిటారుతోని.
ఒకరి పాట ఒకరికి రాదు.
మొదటి అర్ధగంట
మూడు ప్లాట్‌ఫారాల మీద మూడు బండ్ల లెక్క ఉన్నరు.
తర్వాత డోర్నకల్ దిక్కు గూడ్సు ఒకటి పోయింది,
గిన్నెల అర అంతా గలగలమన్నది,
ఆ చప్పుడునే తాళం చేసుకొని
ముగ్గురూ కలిసిన్రు.

హుండీ కొనలే.
ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ల క్యానుకు మూతి కోసి పెట్టినం.
‘రేగులతండాకు మంచినీళ్ల మిషను’ అని
అట్టముక్క మీద నేనే రాసిన.
‘ష’ వంకర పోయింది, ఎవరూ పట్టించుకోలే.

ఓనరమ్మ అనసూర్యక్కకు ఉపాయం తట్టింది.
తండా బోరింగు నీళ్లు
ఆటోల రెండు బిందెలు తెప్పించి
టేబులుకొక గిలాస పెట్టించింది.
తుప్పు మేకు నానబెట్టిన రంగు.
“తాగొద్దు, చూడున్రి” అన్నది మైకుల.

చూసిన్రు.
ఫోన్లు తీసి ఫొటోలు పట్టిన్రు.
ఒకాయన ముక్కుకాడి దాక తెచ్చుకొని
చెయ్యి చాచినంత దూరం పెట్టిండు.
“చాయ్ గింత చల్లగుందేంది” అని ఒక చిన్నపిల్ల
వేలు ముంచబోతే
తల్లి గుంజి చీరకొంగుతో తుడిచింది.

క్యానుల నోట్లు పడ్డయి.
టీసీ సారు ఐదువందలు.
హమాలీలు ఆరుగురు కలిసి ఒక గుప్పెడు చిల్లర.
ఒకడు చిరిగిన ఇరవై వేసి
వంద రూపాల బిల్లు ఎగ్గొట్టి పోయిండు,
అది గూడ రాసిన.

గిన్నెలు తోమే ధర్మిది ఆ తండానే.
ఆరేండ్ల సంది చూస్తున్న,
ఆఖరి ఆటో ఎక్కేముందు
రెండు లీటర్ల సీసా నింపుకొని
చంకల పిల్లనెత్తుకున్నట్టు పట్టుకపోతది.
అవి చిన్నోనికి, జ్వరమొచ్చినోళ్లకు, చుట్టమొస్తే చుట్టానికి.
“మరి నీకు?” అని ఒకసారి అడిగిన.
“మా నీళ్లల్ల అన్నం వండితే పచ్చగైతది సారూ,
పులిహోర అనుకొని తింటం” అని నవ్వింది.

పదిన్నరకు షట్టరు సగం దించినం.
క్యాను బోర్లించి లెక్కపెడితే
ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల అరవై.
మిషనుకు లక్షా పదివేలు చెప్పిన్రు.
యాఖూబ్ మామ తన పదిహేను వందలు
నా దిక్కు చూడకుండనే క్యానుల వేసి
క్లారినెట్టు విప్పి లోపలి తడి దులుపుతున్నడు.

అప్పుడొచ్చింది ధర్మి, టేబుళ్లు తుడువను.
పొద్దటి సంది నీళ్లల్ల నాని
వేళ్ల కొసలు తెల్లగ ముడతలు పడ్డయి.
దూప అయినట్టుంది.
దగ్గరున్న గిలాస ఎత్తి గటగట తాగింది.
మూతి తుడుచుకొని
ఇంకోటి ఎత్తింది.

ఫొటో చూపిస్తున్న ఫ్రాంక్లిన్
ఫోను బోర్లా పెట్టిండు.
“అయ్యో, అవి...” అని అనసూర్యక్క ఆగిపోయింది.
ధర్మి మా మొఖాలు ఒక్కొక్కటే చూసింది.
“ఏమైంది? మా నీళ్లే గదా.”

నా లెక్క తప్పింది.
మళ్ల మొదటి నుంచి, తడి నోట్లు విడదీసుకుంట.
ఖర్చు వరుసల
‘నీళ్లు, గిలాసలు రెండు’ అని రాసిన.
ధర కాడ పెన్ను నిలబడ్డది.