పది లెక్క

తాడు మీదికెల్లి పడ్డప్పుడు
భూమి ఒక్కసారే తగిలింది.
మంచం మాత్రం
మూడు నెలలు రోజూ తగిలింది.

తొడల రాడు ఏసిండ్రు. బొక్క అతికిందన్నరు.
ఫిల్ముల చూపెట్టిండ్రు, తెల్లగ, నిటారుగ.
బొక్క అతికినంక కాలు నాదే గద,
మరి లెవ్వంటె లెవ్వదేంది?
నులక మంచం పట్టె మీదికెల్లి
పాదం ఎవలదో లెక్క వేలాడుతది.

నల్గొండ పెద్దాసుపత్రి, చివరి అర్ర.
కిటికీలకెల్లి లతీఫ్ సాబ్ గుట్ట.
ఆమె పేరు నస్రీన్, మిర్యాలగూడ పిల్ల.
సూది లేదు. గోలీ లేదు.
తువ్వాల చుట్టి మోకాలి కింద వెట్టి
"దీన్ని కిందికి ఒత్తు చిచ్చా,
పది దాక ఇడువకు" అన్నది.
చండూరు నుంచి కిరాయి వెట్టుకొని వచ్చింది
తువ్వాల ఒత్తనీకా?

ఒత్తిన. కాలు కదల్లే.
చిప్ప పైన తోలు మాత్రం
కప్ప గొంతు లెక్క ఒక్కసారి కొట్టుకున్నది.
"అగో, ఇన్నది" అన్నది.
"ఎవలు?"
"నీ కండ. మూడు నెలలు ఎవ్వలు పిలవకపాయె,
పండుకున్నది.
రాడు బొక్కను నిలవెడ్తది.
నిన్ను నిలవెట్టేది ఇది.
లేపేది నేను గాదు చిచ్చా, నువ్వే.
నేను లెక్క వెడ్త."

పదమూడేండ్లప్పుడు మా నాయిన
పొట్టి ఈతచెట్టుకు నన్ను మోకుతోని కట్టి
రెండడుగుల ఎత్తుల పది దినాలు నిలవెట్టిండు.
పైకి పోనియ్యలే.
ఒరుగుడు రానోడు ఎక్కుడు నేర్వొద్దు అన్నడు.
గిదీ గసొంటి ఇస్కూలే అని
అప్పుడు సమజైంది.

నొప్పి లేదని జెప్పను.
పిక్క గుంజే నొప్పి ఒకటి, దాన్ని ఓర్వమన్నది.
సూది పొడిచినట్టు లోపల కోసేది ఇంకొకటి,
గది వస్తె ఆపి చెప్పమన్నది.
రెంటి నడుమ తేడా తెల్వనీకె
నాకు పదిహేను దినాలు పట్టింది.

ఇంటికాడ సైదమ్మ లెక్కవెడ్తది.
ఆమె పది శాన పెద్దది.
ఆరు కాంగనే పొయ్యి మీద పాలు చూసి రానువోతది,
నేను కాలు గాల్లనే పట్టుకొని ఉంట.

పాదానికేసి గుంజనీకె పట్టీ కావాలన్నది నస్రీన్.
సైదమ్మ మాట్లాడలే. సంచిల చెయ్యివెట్టి
మోకు తీసింది.
కాలవెట్టమన్న మోకు. గుమ్మి ఎనుక దాచిందట.
కల్లు వాసన, నా చెమట వాసన.
నడుముకు తగిలే మెత్తటి పక్క చూసి
నస్రీన్ దాన్ని అరికాలికి ఏసింది.
ముప్ఫై ఏండ్లు పట్టుకొని
ఒక్క పొద్దు ఇడిసిన తాడు.
దాని మీద నా కోపం ఇంక పోలే.
అయినా గుంజిన.
వేళ్ళు నా దిక్కు చూసినయ్.

ఆమె బొటనవేలికి పట్టీ ఉన్నది.
మా అసొంటోళ్ళ కాళ్ళు ఎత్తీ ఎత్తీ వాచింది.
"నీకెవలు లెక్కవెడ్తరు బిడ్డా?" అన్న.
"ఏడు" అన్నది. "ఇడువకు. ఎనిమిది."

నిన్న రెండు కడ్డీల నడుమ నిలవడ్డ.
మళ్ళ తాడెక్కుతనా అని అడిగిన.
ఆమె అబద్ధం ఆడలే.
"ముందుగాల బస్సెక్కుతవ్.
మెట్టు ఎంత ఎత్తున్నదో కొలిచి రాపో."

గిన్నేండ్ల ఎక్కుడుల
ఒక్క చెట్టునూ కొలువలే నేను.
ఇయ్యాల బస్టాండుల కర్రకు ఒరిగి
చండూరు బస్సు మెట్టును జానతోని కొలుస్తున్న.
రెండు జానలు, రెండు వేళ్ళు.
కండక్టరు ఈల నోట్ల వెట్టుకొని
ఊదకుంట చూస్తున్నడు.