అయిదింట మూడు

ఇస్కపల్లి రొయ్యల గుంటల కాడ
రాత్రంతా ఏరియేటర్లు నీళ్లను చిలుకుతుంటాయి.
రేకుల షెడ్డులో గోడకు ఒక పెట్టె,
పెట్టెలో నా వేలిగోరంత ప్రాసెసరు.
దాని నెత్తిన అయిదు పనులు.

ఫేజు పోతే రెప్పపాటులో మోటారు ఆపాలి.
ఇది ఒక్కసారి తప్పినా కమురు వాసనే.
నీళ్లలో ఆక్సిజను ఎంతుందో అయిదు నిమిషాలకోసారి కొలవాలి.
ఫ్యాన్లను వంతులేసి తిప్పాలి.
తెర మీద అంకెలు మార్చాలి.
అల్లూరులో గుర్రుపెట్టి నిద్రపోయే యజమాని ఫోనుకు
అంతా బాగుందని చెప్పాలి.

తెల్లారుజాము మూడింటికి అన్నీ కలిసి మీద పడతాయి.
ఎవరు ముందన్నది చిన్న ప్రశ్న.
ఈసారికి ఎవరికి మొండిచెయ్యి చూపొచ్చు?

రాశాను:
వరసగా ఏ అయిదు కొలతలు తీసుకున్నా
మూడు వేళకు రావాలి.
పోయే రెండూ పక్కపక్కన పోకూడదు.
యజమాని మెసేజ్ ఎన్నిసార్లు పోయినా పోనీ.

రవణయ్య టార్చి చంకలో పెట్టుకుని అడిగాడు.
"ఏంది పాపా, తప్పుతాదని ముందే రాసుకుంటావా?"
"ఎప్పటికీ తప్పదని రాస్తే
ఎప్పుడు తప్పుతుందో నాక్కూడా తెలీదు."
ఆయన బీడీని మట్టిలో గుచ్చాడు.
"మా నాయన బిట్రగుంటలో రైలు గేటు యేసేటోడు.
గేటుకు అయిదింటికి అయిదూ గావాల.
రొయ్యకు మూడు చాల్లే."

ఆదివారం లాగ్ తెరిచాను.
పన్నెండో తేదీ, మూడూ ఇరవై: కొలత లేదు.
పక్కన ఆయన మేత లెక్కల పుస్తకం,
మూలన పెన్సిలు రాత:
"3.20 మిషను కునుకు తీసింది. నేను బొయ్యి చూసినా.
రొయ్య అడుగునే ఉండాది."
వెనక పేజీలో:
"1 గంట. నేను పండుకున్నా. మిషను చూసుంటది."

నా లెక్కలో ఈ మనిషి లేడు.
ఈ మనిషి లెక్కలో నా పెట్టె ఉంది.

పందొమ్మిదో తేదీ మూడూ పదికి
లాగ్‌లో ఖాళీ, పుస్తకంలోనూ ఖాళీ.
అయిదు నిమిషాలు ఆ గుంట మీద ఎవరి కన్నూ లేదు.
ఏమీ కాలేదు.
ఏమీ కాకూడదనే కదా అన్ని కాగితాలు ఖరాబు చేసింది.
అయినా ఆ పూట చేపల పులుసు సయించలేదు నాకు.

ఎవరికీ చెప్పకుండా ఒక వరుస మార్చాను.
మూడింటి బరువులో సగం రెండింటికి జరిపాను.
తప్పేదేదో అప్పుడే తప్పనీ,
ఆ వేళకు ఆయన టార్చి గట్టు మీదుంటుంది.

మళ్లీ వారం పుస్తకంలో:
"మిషనుకు మూడింటికి కష్టంగా ఉండాది పాపం.
ఇంక నేను రెండుకే పండుకుంటా. మూడుకి లేస్తా."

చదివేసరికి ఒంటిగంటా యాభై అయిదు.
నులకమంచం మీద ఆయన గురక మొదలైంది.
రెండు దాటాక పెట్టె మీది పచ్చదీపం
ఒక్క వంతు వెలగడం మానేసింది.

లేపలేదు.
చెప్పులు చేతబట్టుకుని గట్టెక్కి
ఫోను వెలుతురు నీళ్లలోకి వంచాను.
ఒక్క ఎర్ర కన్నూ పైకి తేలలేదు.
పెన్సిలు వెతికి ఆయన పుస్తకంలో, ఆయన రాసినట్టే రాశాను:
"2.05. నేను చూసినా.
అడుగునే ఉండాది."