సోడియం కనబడదు

రోహిణి కార్తె. సోమశిల దిగువన
కృష్ణ బ్యాక్ వాటర్ వెనక్కి జరిగింది.
మునిగిన ఊరి గోడల మొదళ్లు
అరిగిన పళ్లలా బయటికొచ్చాయి.

మద్దిలేటి పుట్టిని బోర్లించి
దాని నీడలో సామాను పెట్టాడు:
నాలుగంగుళాల పైపు, సుత్తె, కొలబద్ద,
గోనెసంచిలో చుట్టిన యంత్రం.
చూడ్డానికి అచ్చం పోలీసు తుపాకీ.
"దేన్ని కాలుస్తరు మేడం?"
బురదని, అన్నాను.

మొదటి మీటరు తేలిగ్గా దిగింది,
వెన్నలోకి వేలు దిగినట్టు.
తర్వాత సుత్తె చేతికే ఎదురుతిరిగింది.
లాగి, నిలువునా చీల్చి, ఈతచాప మీద పడుకోబెట్టాం.
పైన ఎనభై సెంటీమీటర్లు ఆనకట్ట కట్టాక పేరిన ఒండ్రు.
మెత్తటి బూడిదరంగు, ఒక్క గులకరాయి లేదు,
ఎవర్నీ ఎరగని మట్టి.
దాని కింద వేలెడు మందాన ఊరు:
పెంకు ముక్క, వరిపొట్టు, గాజు తునక.
మద్దిలేటి ఆ తునకను ఎండకు పట్టి చూసి
తీసినచోటే మళ్లీ పెట్టాడు.
"మా వాడకట్టుదే కావచ్చు."
అంతకు మించి ఏమీ అనలేదు.

ఇంకా కిందికి.
యంత్రం ముక్కును మట్టికి ఆనించి
మీట నొక్కి అరవై లెక్కపెడతాను.
కంటికి కనబడని వెలుగు లోపలికి పోయి
ఒక్కో మూలకాన్నీ పేరుపెట్టి పిలుస్తుంది,
ఉన్నవాళ్లు ఎవరి గొంతుతో వాళ్లు పలుకుతారు.
మాంగనీసు పలికింది. సీసం ఏదో గొణిగింది,
దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాను.
నూట నలభై దగ్గర ఇనుము గీత
తెర మీద తాడిచెట్టంత లేచింది.
వేలితో తవ్వితే చిట్టెం.
నల్లగా, తుట్టెలా చిల్లులు చిల్లులుగా,
ఒక వైపు మాత్రం గాజులా మెరుస్తూ.
ఇక్కడెక్కడో కొలిమి ఉండేది. పక్కన రేవు.
తిత్తులు ఎవరు తొక్కారో, కడ్డీలు ఏ ఒడ్డుకు పోయాయో
యంత్రం చెప్పదు, నేను రాయను.

ఉప్పరి సవారమ్మ మేకల్ని తోలుకుంటూ వచ్చి
కొంగు దోపుకుని చాప పక్కన కూర్చుంది.
నూట డెబ్బై రెండు దగ్గర
జిగటమన్ను మూతేసిన సన్నటి తెల్లచార.
వద్దనేలోపే
చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది.
కళ్లు మూసింది. ఉమ్మింది.
"ఉప్పు తీసిండ్రు ఈడ.
చౌటిమన్ను కుండల పోసి, అడుగు బొక్కకు గడ్డి పెట్టి
నీళ్లు వడగడితే, ఎండకు గడ్డకడ్తది.
మా అవ్వ చేసేది. సముద్రం మాకేడిది బిడ్డా?
మన్నులకెళ్లే పిండుకున్నం."

చార మీద యంత్రం పెట్టాను. అరవై.
క్లోరిన్ చోట వణికే చిన్న గీత,
సోడియం చోట ఏమీ లేదు.
ఉండదు కూడా. సోడియం మరీ తేలిక,
దాని గొంతు వేలెడు గాలిని దాటి రాదు.
తేలికవాళ్లెవరూ దీనికి వినబడరు.
బొగ్గు వినబడదు, ఊపిరి వినబడదు, నీళ్లు వినబడవు.
కొలిమి తిన్న అడవి, తిత్తి తొక్కిన కాలి చెమట,
కుండ మోసిన నడుము,
అన్నీ నా పట్టికలో ఖాళీ గడులు.

"నా చెయ్యి మీద పెట్టు, ఏముందో చూస్తం."
మనుషుల మీద పెట్టకూడదవ్వా.
"పెడితే ఏం కనబడ్తది?"
కొంచెం సున్నం. కొంచెం ఇనుము.
"మిగిలిందంత?"
నా దగ్గర జవాబు లేక
పెన్ను మూత తీశాను.

పట్టిక కింద ఒక వరుస చేర్చాను:
లోతు నూట డెబ్బై రెండు. ఉప్పు. పరికరం, నాలుక.
చూసినవారు, ఉప్పరి సవారమ్మ.
మా సార్ కొట్టేస్తారు, తెలుసు.
అయినా సిరాతోనే రాశాను.

తల ఎత్తేసరికి
ఒక మేకపిల్ల చాప మీదికెక్కి
ఆ తెల్లచారను కొస దాకా నాకేసింది.
మద్దిలేటి దాన్ని అదిలిస్తూ నవ్వు ఆపుకోలేకపోయాడు.
రేపు పొద్దున్నే
మూడడుగులు పక్కకు జరిగి
ఇంకో పైపు దింపాలి.