ట్యాంకరు

ప్రధానం అయిన తొమ్మిదో రోజు
ఓబేదు వాళ్ల పాస్టరు గారు ఫోన్ చేశాడు:
"చిలకరించిన నీళ్లు లెక్కలోకి రావమ్మా. ముంచాల."

పుట్టినప్పుడు నేను ఏడవలేదంట.
ఫాదరు వచ్చేదాకా ప్రాణం ఆగదని
కనిగిరి ఆసుపత్రిలో సిస్టర్ థెక్ల
మందుసీసా మూతతో
మూడుసార్లు నుదుటిమీద పోసి
జసింతా అని పిలిచిందంట.
అప్పుడు ఏడ్చాను.
ఆ నీళ్లు లెక్కలోకి రాకపోతే
మరి ఆ ఏడుపెవరిది?

అమ్మ జపమాల పూస మీద వేలాపి
"రెండోసారి తలంటు పోసుకున్నాననుకో" అంది.
నాన్న అన్నం కలిపి, తినకుండా లేచాడు.
ఓబేదు మెసేజ్ పెట్టాడు:
"ఒక్క నిమిషం పనే కదా."
ఆ నిమిషం ఊపిరి బిగబట్టేది నువ్వా, నేనా
అని టైపు చేసి, చెరిపేశాను.

శనివారం. వాళ్ల మందిరం వెనక సిమెంటు తొట్టి.
బోరునీళ్లు పళ్లను, ఎముకలను తినే ఊరు మాది;
అందుకని మంచినీళ్ల ట్యాంకరు చెప్పారు.
అది మలుపు తిరగ్గానే
వీధి వీధంతా బిందెలతో వచ్చి నిలబడింది.
ఓబేదు వాళ్లక్క
అప్పిచ్చిన తెల్లచీర కొంగు నా నడుముకు బిగించింది.
మోకాళ్లు వంగిన తాత ఒకాయన
క్యాను ముందుకు జరిపి
"నాకు కాస్త పట్టినాక ముంచుకోండయ్యా" అన్నాడు.

పైపు నా చేతికి దగ్గర్లోనే ఉంది.

ఆయన క్యాను నిండింది.
వెనక బిందె. దాని వెనక ఇంకో బిందె.
తొట్టిలో నీళ్లు పిక్కల దాకా కూడా రాలేదు.
పాస్టరు గారు వాచీ చూసుకున్నాడు.

ఓబేదు నన్ను చూశాడు,
ప్రధానం నాడు
ఉంగరం నా వేలికి పట్టనప్పుడు చూసినట్టు.