పేరు పెట్టలేని పేరు

పది వారాలైంది. కాగితాల్లో ఇంకా
"అమ్మాయి, ఐవిందుర్ కూతురు" అనే ఉంది.
ఐస్‌లాండ్‌లో మాకు ఇంటిపేర్లుండవు,
తండ్రి పేరే తోక.
తల మాత్రం మేమే వెతకాలి, ఆరు నెలల్లోపు.

రెండు నెలలుగా ఎండ కొండ దాటి రాలేదు.
ఉదయం పదింటికి, ఇంకా వెలుగుతున్న దీపాల కింద
తోపుడుబండిలో దాన్ని కప్పిపెట్టుకుని
బడి కంచె దగ్గర నిలబడతాను.
సెలవులో లేకుంటే లోపలే ఉండేదాన్ని,
పసుపుపచ్చ కోటు, మెళ్ళో విజిల్.
పదకొండేళ్ళుగా ఆ ఆటస్థలానికి కాపలా నేను.
మోకాళ్ళకు మందు రాశాను, ముక్కులు తుడిచాను,
పేర్లు ఎక్కడెక్కడ విరుగుతాయో విన్నాను.
కొత్త పిల్లాడి పేరుని చెర్రీపండులా నోట్లో వేసుకుని
మధ్యాహ్నానికల్లా గింజ ఊసేస్తారు.

ఎవరూ పేరు పెట్టలేని పేరు కావాలి నాకు.
జేబులో చీటీ ఉంది. దాంట్లో ఒక్కో పేరునీ
జారుడుబల్ల పైమెట్టెక్కి
వాళ్ళ గొంతుతో, మనసులోనే, అరిచి చూస్తాను.

మా అత్తగారు తన తల్లి పేరు ఇమ్మంది: లియోతున్.
పాతభాషలో వెలుగు అని అర్థమట.
ఇప్పటి చెవికి 'అనాకారి' అని తగులుతుంది.
"అర్థం తెలిస్తే ఎవరూ నవ్వరు" అంది.
అర్థం తెలిసేదాకా ఆగే పిల్లల్ని
నేనింతవరకు చూడలేదు.

నాకిష్టమైంది ఫీవా.
జూలైలో, చిత్తడి నేలల్లో,
చెట్టన్నది నిలవని చోట
నెత్తిన దూది పెట్టుకుని నిలబడే గడ్డి.
కాస్త నాలుక జారితే 'ఫిప్ల్'.
అంటే మొద్దు.
ఆరేళ్ళప్పుడు నేనైతే
రెండు సెకన్లలో కనిపెట్టేదాన్ని.

కనిపెట్టేదాన్ని కాబట్టే ఈ భయం.

తోర్వి అని ఒకడుండేవాడు మా తరగతిలో.
తోర్ఫ్ అంటే పాత ఇళ్ళ కప్పు మీద పరిచే పచ్చికపెళ్ళ.
"నీ నెత్తి మీద గొర్రెలు మేస్తాయిరా" అన్నాను
ఒక మంగళవారం, ఊరికే,
తోచక.
సాయంత్రానికి బడంతా మే అంటోంది.
ముప్ఫై ఏళ్ళు. ఇప్పుడు వాడు గొట్టాలు బాగుచేస్తాడు.
ఏ తలుపు తట్టినా మే అంటూనే తెరుస్తారు.
వాడి వ్యాను మీద గొర్రె బొమ్మ ఉంది.

మొన్న మా ఇంటికొచ్చాడు, వేడినీళ్ళు ఆగిపోయి.
సింకు కింద దూరిన వాడి బూట్లని అడిగాను,
"ఆ పేరు నీకెవరు పెట్టారో గుర్తుందా?"
"ఎవరో," అన్నాడు. "ఆ పెద్ద పానా అందుకో."
అందించాను.
ఇంకేమీ అందించలేకపోయాను.
వెళ్తూ వెళ్తూ పాప మీదికి వంగి 'మే' అన్నాడు.
అది బోసినోటితో నవ్వింది. వాడూ నవ్వాడు.
మానిన గాయమో, అలవాటైపోయిందో,
వాడి వ్యాను మలుపు తిరిగేదాకా
కిటికీలోంచి చూసినా తేలలేదు.

ఇవాళ కంచె అవతల్నించి ఓ పిల్ల,
ముందుపళ్ళు రెండూ ఊడిన పిల్ల,
"పేరేంటి?" అంది.
చీటీ తియ్యలేదు. నోరు తెరిస్తే
ఆవిరితో పాటు బయటికొచ్చేసింది: ఫీవా.
ఐవిందుర్‌కైనా ఇంకా చెప్పలేదు.
వెనకున్న కుర్రాడు అందుకున్నాడు,
"ఫిప్ల్! ఫిప్ల్!"
లెక్కపెట్టాను. రెండు సెకన్లు కూడా పట్టలేదు.
నాకంటే చురుకు.
చెయ్యి విజిల్ కోసం మెడ తడుముకుంది,
మెళ్ళో ఉన్నది మఫ్లరు.

ఆ పిల్ల వాణ్ణి విననే లేదు.
పళ్ళసందులోంచి జారిపోయే ఫ కోసం
తంటాలు పడుతోంది.
"హీవా," అంది. కాదనుకుని మళ్ళీ, "హీవా."
ఊచల మధ్య చెయ్యి దూర్చి కిందికి చూపించింది:
"హీవా, నీ చేతితొడుగు మంచులో పడింది."

గంట కొట్టారు.
వంగి తీశాను. అప్పటికే తడిసింది.